స్టాలియన్‌ని (మగ గుర్రాన్ని) మేర్లతో (ఆడ గుర్రాలతో) కలిపి ఉంచాలా, విడిగా ఉంచాలా? (గుంపు ప్రవర్తన, ఎద, దాటు అంటే జతకట్టడం, ఈత అంటే ఈనడం)

#1 మొయినాబాద్_లాయం

అందరికీ నమస్కారం. మూడు మేర్లు (రెండు మార్వాడీ, ఒకటి కఠియావాడీ), నాలుగేళ్ల మార్వాడీ స్టాలియన్ ఒకటి. రెండెకరాల కంచె, నాలుగు గదుల లాయం. ఈ సీజన్‌లో మూడింటినీ చూడి కట్టించాలి. స్టాలియన్‌ని గదిలోనే ఉంచి ఎదకొచ్చినప్పుడు చేతి మీద దాటించడం (మనుషులు పట్టుకుని జతకట్టించడం) మంచిదా, కంచెలో మేర్లతో కలిపి వదిలేయడం మంచిదా? రెండోది, ఆవులూ గేదెల దగ్గర పనిచేసి వచ్చిన సైసులు (గుర్రాల్ని చూసుకునేవాళ్లు) "ఎద కనిపించిన పన్నెండు గంటలకు దాటించాలి" అంటున్నారు. గుర్రానికి ఆ లెక్క నడుస్తుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయగలరు.

#2 గన్నవరం_వెట్

ముందు ఆ పన్నెండు గంటల లెక్క పక్కన పెట్టేయండి. ఆవు ఎద ఒక్క రోజులోపే తీరిపోతుంది, అండం ఎద తగ్గాక విడుదలవుతుంది. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున అనేది అందుకే. గుర్రంలో ఎద 5 నుంచి 7 రోజులు సాగుతుంది. అండం విడుదలయ్యేది ఎద ముగియడానికి 24–48 గంటల ముందు. మొదటి రోజు దాటిస్తే చాలాసార్లు వృథానే.

విడుదలైన అండం పన్నెండు గంటలు దాటితే పెద్దగా పనికిరాదు. వీర్యం మాత్రం మేర్ లోపల 48 గంటల దాకా నిలుస్తుంది. కాబట్టి వీర్యం ముందే వెళ్లి అండం కోసం కాచుకుని ఉండాలి. స్కానింగ్ దొరకని చోట రెండో రోజు సాయంత్రమో మూడో రోజో మొదటి దాటు, అక్కణ్నుంచి రోజు విడిచి రోజు, మేర్ స్టాలియన్‌ని దగ్గరికి రానివ్వనంటున్న రోజు దాకా.

ఎద చక్రం 21–22 రోజులు. పగలు పెరిగే కాలంలో ఎదకొచ్చే జంతువు ఇది. హైదరాబాద్‌లో డిసెంబర్ పగలు సుమారు 11 గంటలు, జూన్ పగలు 13 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలే కాబట్టి చలి దేశాల్లో కనిపించేంత గట్టి శీతాకాలపు విరామం ఇక్కడ అన్ని మేర్లకూ ఉండదు. అయినా సీజన్ మొదట్లో వచ్చే ఎద ఒక్కోసారి పది పదిహేను రోజులు సాగుతుంది, అండం విడుదల కాకుండానే చల్లారిపోతుంది. ఆ ఎదలో పది దాట్లు వేయించినా చూడి కట్టదు, స్టాలియన్ మాత్రం అలసిపోతుంది. అలాంటిది కనిపిస్తే వదిలేసి తర్వాతి ఎద పట్టుకోండి.

#3 గడ్డిమైదానం

కలిపి ఉంచాలా వద్దా అన్నది తేల్చుకోవాలంటే మనిషి జోక్యం లేనిచోట ఇవి ఎలా బతుకుతాయో చూడాలి. ఫ్రాన్స్‌లోని కామార్గ్ చిత్తడి నేలల్లో, అమెరికా నెవాడా, వయోమింగ్ ఎడారుల్లో, 1992 నుంచి మళ్లీ అడవికి వదిలిన ప్రెవాల్‌స్కీ గుర్రాలున్న మంగోలియాలోని హుస్తాయ్‌లో, అంతటా కనిపించే అమరిక ఒకటే. మన దేశంలో అస్సాం దిబ్రూ-సైఖోవాలో కూడా రెండో ప్రపంచ యుద్ధ కాలపు సైనిక గుర్రాల సంతతి అని చెప్పే మందలు ఇలాగే తిరుగుతున్నాయి.

ఒక స్టాలియన్ (అప్పుడప్పుడు ఇద్దరు), కొన్ని మేర్లు, వాటి పిల్లలు. ఇది ఏడాది పొడవునా ఉండే కుటుంబం, ఎద కాలానికి మాత్రమే ఏర్పడే జట్టు కాదు. మేర్ల మధ్య స్నేహాలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. స్టాలియన్ మారినా అవే మేర్లు కలిసి ఉండడం మామూలే. ఆడపిల్లలు రెండేళ్ల ప్రాయంలో పుట్టిన గుంపు వదిలి వేరే గుంపులో చేరతాయి. తండ్రీ కూతుళ్ల కలయిక చాలావరకు అలా తప్పుతుంది. మగపిల్లలు బయటికొచ్చి బ్రహ్మచారుల గుంపు కడతాయి, ఐదారేళ్లకు గానీ సొంత మేర్లను సంపాదించుకోలేవు.

అంటే ఒంటరి గదిలో కాళ్లు నిలవక ఊగే స్టాలియన్ ప్రకృతిలో ఎక్కడా ఉండదు. మేర్లు దొరకని మగది కూడా సాటి మగవాటితో కలిసే ఉంటుంది. ఏడాది పొడవునా ఒక్కదాన్నే గదిలో పెట్టి, ఏడాదికి పదిసార్లు మేర్ దగ్గరికి తీసుకెళితే అది పళ్లతో, గిట్టలతో మాట్లాడడమే నేర్చుకుంటుంది. స్టాలియన్ పొగరు అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ఆ ఒంటరితనమే.

#4 చేవెళ్ల_సవారీ

> అంటే ఒంటరి గదిలో కాళ్లు నిలవక ఊగే స్టాలియన్...

మంచిగ చెప్పిన్రు అన్నా. కానీ రెండెకరాలంటే మంగోలియా కాదు గద. మూల దొరికితే మేర్ తన్నుడు మొదలువెడ్తది. నాలుగేండ్ల కొత్త స్టాలియన్‌కి ఎప్పుడు ఎక్కాల్నో, ఎప్పుడు ఎనకకు రావాల్నో తెల్వదు. ఒక్క తన్ను తగిలితే సీజన్ మొత్తం పాయె. పెద్ద మేర్ ఎవరో చూసుకోని, దాని మీదనే లెక్క పెట్టుకోవాలె.

#5 గడ్డిమైదానం

కొత్త స్టాలియన్ గురించి అన్నది నిజం. "పెద్ద మేర్" మాటకొస్తే కొంచెం సరిచేయాలి. ఒక నాయకురాలు గుంపుని నడిపిస్తుందని చాలాకాలం రాసుకున్నారు. దగ్గరగా గమనించిన పరిశోధనల్లో అది అంత తేలికగా నిలబడలేదు. నీళ్లకు ముందు నడిచేది ఒకటి, మేత దగ్గర అందరినీ పక్కకు నెట్టేది ఇంకొకటి, పారిపోయేటప్పుడు ముందుండేది మరొకటి కావచ్చు. స్టాలియన్ సాధారణంగా వెనకనుండి తోలుతుంది: తల నేలకు దించి, మెడ చాచి, చెవులు వెనక్కి పెట్టి పాములా ఊపుతూ.

మేత దగ్గరి పెత్తనం మాత్రం నిజం. వయసు, గుంపులో ఎంతకాలంగా ఉంది అన్నవి దాన్ని నిర్ణయిస్తాయి. మీరు గమనించాల్సింది అదీ, దాంతోపాటు ఎవరు ఎవరి మెడ గోకుతున్నారు అన్నదీ. రెండు గుర్రాలు ఎదురెదురుగా నిలబడి ఒకదాని మూపు దగ్గర ఇంకొకటి పళ్లతో గీరుకుంటాయి చూడండి, అక్కడ గీరితే గుండె వేగం తగ్గుతుందని కొలిచి చూపించారు. ఆ జంటని విడదీస్తే ఇద్దరూ మేత మానేస్తాయి, అరుస్తాయి. ఎద గుర్తులు కూడా దాచేస్తాయి.

#6 మొయినాబాద్_లాయం

చాలా ఉపయోగంగా ఉంది. మేర్లు మూడూ ఒకచోటివి కావు, ఒకటి కొత్తగా వస్తోంది. కలపడం ఎలాగో వరసగా చెప్పగలరా? స్టాలియన్ సంగతి ఆ తర్వాత.

#7 లాయం_మేస్త్రి

కొత్త గుర్రాన్ని వచ్చిన రోజే కంచెలో వదలడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ముందు 3–4 వారాలు విడిగా ఉంచాలి. వేరే బకెట్, వేరే బ్రష్, దాన్ని చూసే సైసు పాతవాటి పని అయ్యాకే దీని దగ్గరికి రావాలి. రోజూ రెండు పూటలా జ్వరం చూసి రాసుకోండి. 38.5 డిగ్రీలు దాటిందంటే గొంతు కింద గడ్డలు (స్ట్రాంగిల్స్) బయటపడకముందే తెలుస్తుంది. గ్లాండర్స్ రక్తపరీక్ష తప్పనిసరి. అది మనుషులకూ సోకే జబ్బు, తేలితే ప్రభుత్వానికి చెప్పితీరాలి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దాకా నమూనా వెళ్తుంది, ఫలితం రావడానికి రోజులు పడుతుంది కాబట్టి కొనే ముందే చేయించుకోండి. సర్రా (జోరీగల వల్ల అంటే రక్తపు జబ్బు) కూడా చూపించండి, మేర్లలో గర్భస్రావానికి అదొక కారణం. జోరీగల కాలంలో మరీ జాగ్రత్త.

తర్వాత వారం పది రోజులు పక్కపక్క కంచెల్లో. మధ్యలో ముళ్లతీగ ఉండకూడదు. కాలు పెట్టి లాగితే చర్మం గిట్ట దాకా ఊడొస్తుంది. కర్ర రెయిళ్లో, పైపులో, పైన ఒక కరెంటు తీగ. మొదట కీచుమని అరుస్తాయి, ముందు కాలితో గాలిలో కొడతాయి, నాలుగైదు రోజులకు కంచెకు అటూ ఇటూ నిలబడి మేస్తాయి. అప్పుడు పాతవాటిలో నెమ్మదైన ఒకదాన్ని మాత్రమే కొత్తదాంతో కలపండి. ఆ జంట రెండు రోజులు ప్రశాంతంగా మేస్తే మిగతావాటిని వదలండి.

కలిపే రోజు వెనక కాళ్ల నాడాలు తీసేయండి. తలకు కళ్లెం, తాడు ఏదీ ఉండకూడదు. గడ్డి కుప్పలు గుర్రాల లెక్కకన్నా ఒకటి రెండు ఎక్కువ, ఒక్కోదాని మధ్య పది మీటర్ల దూరం. కంచె మూలల్ని పలకలు అడ్డంగా కట్టి గుండ్రంగా చేయండి, మూలలో ఇరుక్కున్న గుర్రానికి తన్నడం తప్ప దారి ఉండదు. దాణా మాత్రం గుంపులో పెట్టొద్దు, ఒక్కోదానికీ విడివిడిగా గదిలో.

#8 మొయినాబాద్_లాయం

మూలల సంగతి ఆలోచించలేదు, చేయిస్తాను. ఇక ఎద పట్టడం గురించి చెప్పండి. మార్వాడీ చెవులు లోపలికి వంగి ఉంటాయి కదా, కోపంగా ఉందో ఇష్టంగా ఉందో సైసులు ఒక్కోసారి తేల్చుకోలేకపోతున్నారు.

#9 టీజర్_డైరీ

మంచి ప్రశ్న. మార్వాడీ, కఠియావాడీలకు చెవి కొనలు ఒకదానికొకటి తాకేలా వంగి ఉంటాయి కాబట్టి కొన చూసి మోసపోతాం. చెవి మొదలు చూడండి. మొదలు వెనక్కి తిరిగి మెడకు అంటుకుంటే కోపం. దాంతోపాటు ముక్కుపుటాల పైన ముడతలు పడతాయి, పెదవి వెనక మూల బిగుస్తుంది. మొదలు పక్కకు వాలి మెత్తగా ఉంటే అది ఇష్టమో నిర్లక్ష్యమో. తేల్చేది తోక వైపే.

టీజింగ్ (స్టాలియన్‌ని ఎదురుగా పెట్టి మేర్ ఎదలో ఉందో లేదో చూడడం) చేసే తీరు ఇది. మనిషి ఛాతీ ఎత్తు, అంటే సుమారు 1.2 మీటర్ల గట్టి చెక్క అడ్డు, పైన గోనె చుట్టిన పరుపు. అడ్డు కింద ఖాళీ ఉండకూడదు, గిట్ట ఇరుక్కుంటుంది. ఒకవైపు స్టాలియన్, ఒకవైపు మేర్. ముందు ముక్కూ ముక్కూ, తర్వాత మేర్‌ని పక్కకు తిప్పి పక్కటెముకలు, చివరికి తోక వైపు. ఒక్కో మేర్‌కి రెండు నుంచి ఐదు నిమిషాలు. రోజూ ఒకే వేళ. మధ్యాహ్నం ఎండలో చేస్తే రెండిటికీ మనసుండదు.

ఎదలో లేనిది: కీచుమంటుంది, ముందు కాలు విసురుతుంది, తోకని శరీరానికి బిగించి కొరడాలా ఆడిస్తుంది, వెనక తిరిగి తన్నుతుంది. ఎదలోకొస్తున్నది: నిలబడుతుంది గానీ తోక ఎత్తదు. నిండు ఎద: వెనక కాళ్లు వెడల్పు చేసి కొంచెం కూర్చుంటుంది, తోక పక్కకెత్తి నిలుపుతుంది, కొద్ది కొద్దిగా మూత్రం పోస్తుంది, యోని పెదవులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఎర్రటి లోపలి భాగం కనిపిస్తుంది. స్టాలియన్ ఆ మూత్రం వాసన చూసి తలెత్తి పై పెదవి ముడుస్తుంది. ముక్కు లోపలి ప్రత్యేక అవయవానికి ఆ వాసన చేర్చుకోవడం అది.

0 నుంచి 4 దాకా మార్కులు వేసి పట్టికలో రాయండి. 0 తన్నడం, 1 పట్టించుకోకపోవడం, 2 నిలబడడం, 3 తోక ఎత్తడం, 4 మూత్రం, కూర్చోవడం అన్నీ. ఒక్క రోజు మార్కు ఏమీ చెప్పదు. మూడు చక్రాలు రాస్తే మేర్ అలవాటు తెలిసిపోతుంది, కొన్ని నిండు ఎదలో కూడా 2 దాటవు. సిగ్గుపడే మేర్‌ని దాని జతగత్తె పక్కనుండగా టీజ్ చేయండి. పాలిస్తున్న మేర్ అయితే పిల్ల కళ్లముందే ఉండాలి, అవతల కట్టేస్తే పిల్ల కోసమే చూస్తుంది, ఎద దాచేస్తుంది. నా మటుకు నాకు, ఎద దొరకలేదు అన్న మేర్లలో చాలావాటికి జబ్బు ఉండదు, మనం అడిగిన తీరే తప్పు.

#10 లాయం_మేస్త్రి

పై పట్టిక అచ్చువేసి లాయం గోడకి అంటించుకోదగ్గది. ఇక దాటించే రోజు. ముగ్గురు మనుషులు, ముగ్గురికీ హెల్మెట్, గట్టి బూట్లు. నేల మట్టి లేదా ఇసుక. తడి సిమెంటు మీద ఎప్పుడూ వద్దు, వెనక కాళ్లు జారితే స్టాలియన్ నడుము పోతుంది.

మేర్ తోకకు మొదలు నుంచి ఒక అడుగు దాకా శుభ్రమైన కట్టు. యోని చుట్టూ మెత్తటి సబ్బుతో కడిగి, సబ్బు మిగలకుండా నీళ్లతో కడిగి ఆరబెట్టండి. స్టాలియన్ అంగానికి మాత్రం గోరువెచ్చని మామూలు నీళ్లే. సబ్బు, డెట్టాల్, పొటాషియం పర్మాంగనేట్ ఏదీ వద్దు. అక్కడుండే మంచి సూక్ష్మజీవులు చస్తే సూడోమోనాస్, క్లెబ్సియెల్లా లాంటి చెడ్డ క్రిములు పాగా వేస్తాయి, ఒక్కో దాటుకీ ఒక్కో మేర్ గర్భాశయం చెడుతుంది.

మేర్‌ని పట్టుకున్నవాడూ స్టాలియన్‌ని పట్టుకున్నవాడూ ఇద్దరూ ఎడమవైపే ఉండాలి. ప్రమాదం కనిపిస్తే మేర్ తల తమవైపు లాగితే వెనక భాగం అవతలికి తిరుగుతుంది. ఎదురెదురు పక్కల నిలబడితే ఎటు లాగినా ఒకరి మీదకొస్తుంది. కొత్త స్టాలియన్‌ని సూటిగా వెనకనుంచి తీసుకురావద్దు. ఎడమ భుజం దగ్గరికి ఏటవాలుగా తెచ్చి, మేర్ దాన్ని చూశాక, వాసన పట్టాక వెనక్కి నడిపించండి. వెనక కాళ్లకు బందం వేయడం కొందరి అలవాటు. వేస్తే ఒక్క లాగుకి ఊడే ముడి వేయండి, లేదంటే భయపడ్డ మేర్ పడిపోతుంది. మేర్ నిజంగా నిండు ఎదలో ఉంటే బందం అవసరమే రాదు. బందం లేకుండా నిలవట్లేదంటే ఎద పూర్తి కాలేదని అర్థం, రేపటికి వాయిదా వేయండి.

దాటు అరనిమిషం పని. ముగిసేటప్పుడు స్టాలియన్ తోక పైకీ కిందికీ పంపులా ఆడుతుంది. అది కనిపించకుండా దిగిందంటే వీర్యం పడలేదని లెక్క, పావుగంట ఆగి మళ్లీ. దిగగానే మేర్ తల ఎడమకు తిప్పండి.

నాలుగేళ్లదానికి మొదటి సీజన్‌లో రోజుకి ఒకటికి మించొద్దు, వారంలో ఒక రోజు సెలవు. జ్వరం వస్తే ఆ తర్వాత రెండు నెలలు వీర్యం పలచగా ఉండొచ్చు. ఒక వీర్యకణం తయారవడానికే దాదాపు 57 రోజులు పడుతుంది. చూడి కట్టలేదని మేర్‌ని నిందించే ముందు స్టాలియన్‌కి రెండు నెలల కింద జ్వరం వచ్చిందేమో డైరీలో చూడండి.

#11 గన్నవరం_వెట్

స్కానింగ్ ఉంటే పని సగమవుతుంది. ఎదలో ఫాలికిల్ (అండం పెరిగే తిత్తి) రోజుకి సుమారు 3 మి.మీ. పెరుగుతుంది. 35 మి.మీ. దాటి, గర్భాశయం ముక్కలుగా కోసిన నారింజ పండులా ఉబ్బి కనిపిస్తే హెచ్‌సీజీ (అండం విడుదల చేయించే హార్మోన్ ఇంజెక్షన్) 1500–2500 యూనిట్లు ఇస్తాం. చాలా మేర్లలో 36 గంటల ప్రాంతంలో అండం విడుదలవుతుంది. దాటు ఇంజెక్షన్ రోజో మర్నాడో. ఒక్క దాటుతో పని జరిగితే గర్భాశయానికీ మంచిది.

ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్‌తో ఎద తెప్పించాలంటే అండం విడుదలై ఐదు రోజులు దాటాలి, అంతకు ముందు ఇస్తే చాలాసార్లు పనిచేయదు. ఇచ్చాక అరగంట చెమటలు, కడుపునొప్పి సహజం. గర్భిణులూ ఉబ్బసం ఉన్నవాళ్లూ ఆ సీసా ముట్టుకోకూడదు, చర్మం ద్వారా లోపలికి పోతుంది.

చూడి పరీక్ష ఆవుకి చూసినట్టు రెండు మూడు నెలలకి చూస్తే ఆలస్యమైపోతుంది. 14–16 రోజుల మధ్య మొదటి స్కాన్ తప్పనిసరి, ఎందుకంటే కవలలు. మేర్ రెండు పిల్లల్ని మోయలేదు. చాలావరకు ఏడెనిమిది నెలలకి రెండూ పడిపోతాయి, మేర్ ప్రాణానికీ ముప్పు. 16వ రోజు దాకా గర్భ తిత్తి గర్భాశయంలో తిరుగుతూ ఉంటుంది, అప్పుడు రెండిటినీ వేరు చేసి ఒకదాన్ని నొక్కేయొచ్చు. తర్వాత రెండూ ఒకేచోట అతుక్కుంటే కష్టం. 28–30 రోజులకి రెండో స్కాన్, గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. ఈ తేదీ దాటనివ్వొద్దు. 36వ రోజు ప్రాంతంలో గర్భాశయంలో ఎండోమెట్రియల్ కప్పులు ఏర్పడతాయి. ఆ తర్వాత చూడి పోయినా అవి నాలుగో నెల దాకా హార్మోన్ వదులుతూనే ఉంటాయి, మేర్ సరిగ్గా ఎదకి రాదు. సీజన్ మొత్తం పోతుంది.

#12 గడ్డిమైదానం

చూడి కట్టాక మేర్‌ని ఎక్కడ ఉంచుతారన్నదీ ముఖ్యమే. చెక్ పరిశోధకులు 2011లో ఒక విషయం ప్రచురించారు. బయటి స్టాలియన్‌కి దాటించి ఇంటికి తెచ్చిన మేర్లలో, ఇంటి దగ్గర మగ గుర్రాలున్న చోట్ల, గర్భం పోవడం ఎక్కువగా కనిపించింది. తిరిగొచ్చిన మేర్లు ఇంటి మగవాటితో కలయికకు తామే చొరవ చూపాయట, పుట్టబోయే పిల్ల ఎవరిదో తెలియకుండా చేయడానికన్నట్టు. అడవి గుంపుల్లో కొత్త స్టాలియన్ పాత స్టాలియన్ పిల్లల్ని చంపిన సందర్భాలు నమోదయ్యాయి కాబట్టి ఈ ఆలోచన ఊరికే పుట్టింది కాదు.

#13 గన్నవరం_వెట్

ఆ అధ్యయనం యజమానులు నింపిన ప్రశ్నపత్రాల మీద నడిచింది. ప్రయాణపు ఒత్తిడి, కొత్త చోటి వైరస్‌లు కూడా గర్భం పోగొట్టగలవు. అంతా ప్రవర్తనకే అంటగట్టలేం. అయినా ఆచరణలో మనిద్దరం చెప్పేది ఒకటే: దాటించాక మొదటి రెండు నెలలు మేర్ చోటు మార్చొద్దు, జతగత్తెని విడదీయొద్దు, దూర ప్రయాణం వద్దు, కొత్త గుర్రాన్ని పక్కన పెట్టొద్దు. చూడి చివరి నెలల్లో కొత్త గుర్రం హెర్పిస్ (ఈహెచ్‌వీ-1) తెస్తే వరసగా పిల్లలు పడిపోతాయి. దానికి టీకా 5, 7, 9 నెలల్లో వేస్తారు.

#14 చేవెళ్ల_సవారీ

మేత సంగతి ఎవ్వరు చెప్పలే. మన దిక్కు నేపియర్ గడ్డి కోసి ఏస్తరు, మీద తవుడు. చూడి మేర్‌కి గది చాలా నష్టం. నేపియర్ల ఆక్సలేట్ కాల్షియంని పట్టేస్తది, తవుడుల భాస్వరం ఎక్కువ. రెండు కలిస్తే తల్లి ఎముకల కెళ్లి కాల్షియం గుంజుకుంటది, మొకం ఎముకలు ఉబ్బుతయ్, కుంటుడు మొదలైతది. లూసర్న్ గానీ వేరుసెనగ కట్టె గానీ కలపాలె. సున్నపురాయి పొడి రోజుకు 30–40 గ్రాములు, డాక్టర్ని అడిగి. ఉలవలు ఉడకబెట్టి ఇయ్యిరి, గవి మంచియే గాని గవే దాణా మొత్తం కావద్దు. ఆఖరి మూడు నెలలల్ల పిల్ల జల్ది పెరుగుతది, ఈనినంక 400 కిలోల మేర్ రోజుకు 12 కిలోల దాకా పాలిస్తది. గప్పుడు మేత బరువుల నూటికి రెండున్నర, మూడు కిలోలన్న పడాలె. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటరు, పాలిచ్చేదానికైతే మరీ.

#15 టీజర్_డైరీ

ఈత గురించి నేను రాస్తాను, రాత్రిపూట ఎవరి సాయమూ దొరకదు కాబట్టి. చూడి కాలం సగటున 340 రోజులు. 320 నుంచి 360 దాకా ఎప్పుడైనా ఈనొచ్చు, ఆవులా తేదీ లెక్క పెట్టుకుని కూర్చోలేం. ఈనే గదిలోకి నెల ముందే మార్చాలి. ఆ గదిలోని క్రిములకి తల్లి ఒంట్లో రక్షణ తయారై ముర్రుపాలలోకి రావడానికి ఆ సమయం కావాలి. గది 4 మీటర్లు × 4 మీటర్లకి తగ్గకుండా, శుభ్రమైన వరిగడ్డి పరుపు. జతగత్తె పక్క గదిలో కనిపిస్తూ ఉండాలి, లోపల కాదు. ధనుర్వాతం టీకా బూస్టర్ 4–6 వారాల ముందు.

చనుకొనల మీద మైనపు బొట్లు కనిపిస్తే ఒకటి రెండు రోజుల్లో. దాదాపు అన్నీ రాత్రే ఈనుతాయి. ఉమ్మనీరు పడ్డాక 20–30 నిమిషాల్లో పిల్ల బయటికి రావాలి. పది నిమిషాలకి తెల్లటి పొరలో ఒక కాలు ముందు, ఇంకోటి కొంచెం వెనక, వాటి మీద ముక్కు కనిపించాలి. ఏదీ కనిపించకపోతే డాక్టర్‌కి ఫోన్ చేసి మేర్‌ని లేపి నడిపించండి.

తెలుపు బదులు ఎర్రటి మఖమల్‌లాంటి తిత్తి ముందొస్తే ఎవరి కోసమూ ఆగొద్దు. మాయ ముందే ఊడిపోయిందన్నమాట, పిల్లకి గాలి అందడం లేదు. చేతికందిన శుభ్రమైన కత్తెరతో ఆ తిత్తి కోసి పిల్లని లాగాలి. మీకున్నది నిమిషాలే.

మామూలు ఈతలో బొడ్డు కోయకండి. తల్లి లేచినప్పుడో పిల్ల కదిలినప్పుడో పొట్ట దగ్గర సన్నబడ్డ చోట అదే తెగుతుంది. క్లోర్‌హెక్సిడిన్ 2 శాతం మందు ఒక పాలు, నీళ్లు మూడు పాళ్లు కలిపి బొడ్డుని ముంచండి, మొదటి రోజు మూడు నాలుగు సార్లు.

గంటలో పిల్ల లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. ఈ మూడిట్లో ఏది తప్పినా డాక్టర్. మాయని లాగొద్దు, వేలాడుతుంటే మోకాలి పైకి ముడివేసి కట్టండి. పడ్డాక నేల మీద పరిచి రెండు కొమ్ముల చివరలూ ఉన్నాయో లేదో చూడండి. ఖాళీ కొమ్ము (పిల్ల లేనివైపుది) చివర అరచేయంత ముక్క లోపల మిగిలినా రెండు రోజుల్లో జ్వరం, ఆపై గిట్టల వాపు.

గుర్రంలో మాయ గుండా రోగనిరోధక శక్తి పిల్లకి అందదు. అంతా ముర్రుపాలతోనే. మొదటి ఆరు గంటల్లో లీటరు నుంచి లీటరున్నర కడుపులో పడాలి, ఒక రోజు దాటితే పేగు తీసుకోదు. బ్రిక్స్ మీటర్‌లో (పాల చిక్కదనం కొలిచే పరికరం) పాలు 23 దాటితే మంచివి. 18–24 గంటలకి పిల్ల రక్తంలో ఐజీజీ (ముర్రుపాలతో అందే రక్షక ప్రోటీన్) డెసిలీటరుకి 800 మి.గ్రా. పైన ఉండాలి.

#16 మొయినాబాద్_లాయం

కన్నులు తెరిపించారు. రెండు సందేహాలు మిగిలాయి. ఈనిన తొమ్మిదో రోజు ఎదలో మళ్లీ కట్టించమని సైసులు అంటున్నారు. పిల్లని ఆరునెలలకి ఒక్కసారిగా విడదీసే అలవాటు గురించి కూడా చెప్పండి.

#17 గన్నవరం_వెట్

ఈనిన 5–12 రోజుల్లో ఎద వస్తుంది, నిజమే. కానీ గర్భాశయం పూర్తిగా మానడానికి సమయం కావాలి. కష్టపు ఈత, ఆగిన మాయ, పదో రోజుకు ముందే విడుదలైన అండం ఉంటే ఆ ఎద వదిలేయండి. లోపల నీరు లేదని స్కాన్‌లో తేలితేనే దాటించండి. వదిలేస్తే తర్వాతి ఎద ఈనిన 30 రోజుల ప్రాంతంలో వస్తుంది, చూడి కట్టే అవకాశం అప్పుడే మెరుగు.

#18 గడ్డిమైదానం

అడవిలో తల్లి పాలు మాన్పించేది 9 నెలల తర్వాతే, తర్వాతి ఈతకి ముందు. ఆరు నెలలకి గదిలో ఒంటరిగా బంధిస్తే ఊగడం, కట్టె కొరకడం అక్కడే మొదలవుతుంది, మళ్లీ పోదు. పిల్లలు రెండు మూడు ఉంటే గుంపులోంచి తల్లుల్ని ఒక్కొక్కటిగా, వారానికి ఒకటి చొప్పున తీసేయండి. ఎవరి తల్లీ కాని నెమ్మదైన పెద్ద మేర్‌ని పిల్లలతో ఉంచండి. చిన్నపిల్ల పెద్దవాటి దగ్గరికెళ్లి నోరు తెరుస్తూ మూస్తూ పళ్లు ఆడిస్తుంది చూడండి, "నేను చిన్నదాన్ని" అని చెప్పడం అది. ఆ మర్యాదలు నేర్పేది పెద్ద గుర్రాలే. సీసాపాలతో మనుషుల చేతుల్లో పెరిగిన మగపిల్ల, పెద్దయ్యాక మనిషి మీద కాళ్లెత్తుతుంది.

స్టాలియన్ విషయం: మీ రెండెకరాలకి నేనిచ్చే సలహా, ఈ సీజన్ చేతి మీద దాటించండి. దాటు లేని రోజుల్లో ఒంటరిగా మాత్రం ఉంచకండి. స్విట్జర్లాండ్‌లో అవాన్ష్ జాతీయ అశ్వశాలలో స్టాలియన్ గదుల మధ్య గోడలో సగం భాగాన్ని 30 సెం.మీ. ఎడంతో నిలువు కడ్డీలుగా చేశారు, తల, మెడ అవతలికి పెట్టి పొరుగుదాన్ని గోకొచ్చు. మీరూ పక్క గదిలో ఖస్సీ (వృషణాలు తీసిన) గుర్రాన్ని పెట్టి అలాంటి కడ్డీలు వేయించండి. మూడు మేర్లూ చూడి అని 60 రోజులకి తేలాక, స్టాలియన్ వాటితో కంచెలో కలిసి తిరగొచ్చు. ఈతకి రెండు నెలల ముందు మళ్లీ వేరుచేయండి.

#19 లాయం_మేస్త్రి

ఒక్కటి కలుపుతాను. పుట్టిన మగపిల్లని ఏడాది నిండేలోపే అక్కచెల్లెళ్లనుంచి, తల్లినుంచి వేరు చేయండి. పన్నెండు పద్నాలుగు నెలలకే దాటగలవు. ఖస్సీ చేయించేదైతే రెండు వృషణాలూ కిందికి దిగాయని చేత్తో చూసుకున్నాకే. చేయించాక కూడా ఆరు వారాలు మేర్ల కంచెకి దూరంగా ఉంచండి.